వార్తలకు ముందా, తర్వాతా?

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరసగా రాస్తే ఒక పుస్తకమవుతుంది, తలకింద దిండుగా పెట్టుకోడానికి సరిపోయేంత. అందులో మొదటి పుటకు అర్హమైనది మాత్రం ఒక్కటే. చిన్నప్పుడు పుంగనూరులో, దాదాపు అరవైమంది మధ్య కూర్చుని, కళ్ళు బాగా తెరుచుకుని, చనిపోయిన మనిషి కాళ్ళు నేను గంటకు పైగా పిసికాను. కాళ్ళు పట్టుకుని పైకొచ్చిన వాళ్ళను తర్వాత ఉద్యోగంలో చాలామందిని చూశాను. నేను కాళ్ళు పట్టుకుని వచ్చింది పైకి కాదు, ముందుకు. అంటే టీవీ ముందుకు. తెలియక పిసికితే అమాయకత్వం అని సరిపెట్టుకోవచ్చు. సగం తెలిసీ పిసికితే అది మూర్ఖత్వం. మర్నాడు పొద్దున పదిమందిలో నోరు విప్పి నేను చెప్పిన మాట ఒకటుంది, దానికి పేరు నాకింకా దొరకలేదు.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం మోహన. గంగులప్ప తాతకు మనవడు, నాకు గోడ పక్క నేస్తం. పోయిన నెల తన పాతింటి హాలు బాగుచేయించి, చూసి పొమ్మని పిలిస్తే మదనపల్లె నుంచి వెళ్ళాను. గోడకు గోడంత టీవీ పెట్టించాడు. దాని ఎదురుగా మెత్తటి సోఫా. "కూచోరా శీనా" అని చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. కూర్చున్నాక గాని తెలియలేదు, అది సరిగ్గా తాత వాలుకుర్చీ ఉండిన చోటు. నేల మారింది, పైకప్పు మారింది, కిటికీ మాత్రం మారలేదు. కిటికీ నుంచి కొలుచుకుంటే చోటు తెలిసిపోయింది. బయట ఎండ కాస్తూనే ఉంది, నాకు మాత్రం వీపు మీద చల్లగా ఏదో పాకింది.

ఆ రోజుల్లో మా నాన్నకు సోమల నుంచి పుంగనూరుకు బదిలీ అయితే, కృష్ణప్ప మామ ఇంటికి ఆనుకుని ఉన్న చిన్న పోర్షనులో దిగాము. కృష్ణప్ప మామ అంటే తాత కొడుకు, మోహన తండ్రి. సేద్యం ఉండేది, టమాటా లారీలు బెంగుళూరుకు తోలేవాడు. వెళ్ళేటప్పుడు టమాటాలతో వెళ్ళిన లారీ ఒకసారి వచ్చేటప్పుడు టీవీతో వచ్చింది. వరిగడ్డి మధ్యన, గంపల నడుమ, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి తెచ్చారు. మొదటి పదిరోజులు ఆ పెట్టె దగ్గరికి వెళితే మగ్గిన టమాటా వాసన వచ్చేది. వార్తలు చదివే ఆమె కూడా టమాటా తోటలో నుంచే చదువుతోందని నాకు అనిపించేది. మిద్దె మీద ఇనుప గొట్టానికి యాంటెనా కట్టారు. గాలి తూర్పు నుంచి వస్తే బొమ్మ స్పష్టంగా ఉండేది, పడమట నుంచి వస్తే ప్రతి మనిషి పక్కనా ఇంకో పలచటి మనిషి నిలబడేవాడు. అసలు మనిషి చేయెత్తాక ఒక క్షణం ఆగి ఆ పలచటివాడు ఎత్తేవాడు. పెద్దవాళ్ళు దానిని నీడ అని ఊరుకునేవారు. నీడ ఎప్పుడైనా మనిషి తర్వాత కదులుతుందా అని నాకు అనుమానం.

ఆదివారం సాయంత్రం హిందీ సినిమా. ఆ వేళకు వీధిలో ఆడవాళ్ళు సంగటి కెలికి దించేసి, పిల్లల ముఖాలు కడిగి, వాళ్ళను ముందు తోసుకుంటూ వచ్చేవారు. ఆ గదిలో వాసనలు ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి: తలనూనె, కనకాంబరాలు, వేయించిన చెనిక్కాయలు, అరుగు మీది మగవాళ్ళ బీడీలు, సరోజత్త పెట్టె దగ్గర వేసే సాంబ్రాణి. సరోజత్త, అంటే మోహన వాళ్ళమ్మ, దేవుడి గదిలో పొగ వేశాక మిగిలిన నిప్పులు తెచ్చి టీవీకి కూడా చూపేది. ఎవరి చోటు వాళ్ళది. వాలుకుర్చీ తాతది, బల్ల చుట్టాలది, చాపలు ఇరుగుపొరుగు ఆడవాళ్ళవి, కిటికీ బయట నిలబడడం మాబోటి అద్దెవాళ్ళ పిల్లలది. కిటికీ చువ్వల్లోంచి నేను చూసిన సినిమాల్లో కథానాయకుడు ఎప్పుడూ నిలువునా మూడు ముక్కలు. నడుమ ముక్క కోసం మెడ చాచి చాచి ఒకరోజు తాత కంట్లో పడ్డాను.

"ఏమిరా పిల్లోడా, కాళ్ళు పిసకను వస్తాదా నీకు?" అన్నాడు తాత.

"వస్తాది తాతా."

"అట్లయితే లోపలికి రా. పిసికినంత సేపు సూడు."

అలా నాకు నేల మీద, వాలుకుర్చీ ముందు, గదిలోకెల్లా మొదటి వరసలో చోటు దొరికింది. తాత పాదాలు నీళ్ళు లేక నెర్రెలిచ్చిన మడి లాంటివి. నాగమ్మవ్వ, ఆయన భార్య, పొద్దున పూట ఆ నెర్రెలకు ఆముదం రాసేది. పిసకడానికి ఒక పద్ధతి ఉండేది. మూడు పిసుకులు, ఒక ఆపు, మళ్ళీ మూడు. అది అవ్వ పెట్టిన అలవాటట. నాలుగోది పిసికితే తాత కాలు వెనక్కి లాక్కునేవాడు. మోహనకు నా ఈ ఉద్యోగం మొదటినుంచీ పరిహాసమే. "మా తాత కాళ్ళకి నువ్వు, టీవీకి నేను" అనేవాడు. పెట్టె మీట తిప్పే అధికారం వాడిది కదా.

తాతకు హిందీ వచ్చునని వీధి నమ్మకం. వయసులో ఉన్నప్పుడు రామసముద్రం సంతలో ఎద్దుల బేరాలు చేసి, సాయిబుల దగ్గర నేర్చుకున్నాడట. సినిమా మొదలైందంటే ఆయన మాకు తెలుగు చెప్పడం మొదలయ్యేది. తెర మీద ఒక ఆమె మంచుకొండల్లో పరుగెత్తుతూ పాడుతుంటే, "ఆయమ్మ ఏమంటాండాదంటే, ఈ తూరి వాన లేదు, చెనిక్కాయలు పోయినాయి, పెండ్లి వచ్చే ఏటికి పెట్టుకుందాం అంటాండాది" అనేవాడు.

"అంత నవ్వుతా చెప్తాందే తాతా?"

"ఏడ్చి చెప్తే వాడు ఒప్పుకోడని నవ్వతాండాదిలే. నువ్వు పిసుకు."

తర్వాత నేను హిందీ నేర్చుకుని ఆ సినిమాలు కొన్ని మళ్ళీ చూశాను. తాత చెప్పిన కథలే బాగున్నాయి.

ఆ ఆదివారం గాలి పడమటిది. ప్రతివాడి పక్కనా పలచటివాడు ఉన్నాడు. సినిమా మొదలై కొంతసేపయ్యాక కథానాయకుడు ఇల్లు వదిలి రైలెక్కే ఘట్టం వచ్చింది. తల్లి స్టేషనులో నిలబడి ఏదో అడుగుతోంది, వాడు జవాబివ్వకుండా కిటికీ దగ్గర కూర్చున్నాడు. తాత అన్నాడు: "యాడికో పోతాండాడు. యాడికిరా అని అడిగితే చెప్పడు సూడు."

అంతే. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. రైలు ఇంకా తెర దాటలేదు, నా అరచేతిలో ఆయన బొటనవేలు మూడుసార్లు లాక్కుంది, ఒడ్డున పడ్డ చేపతోక కొట్టుకున్నట్టు. తర్వాత ఊరుకుంది. నా వెనక చాప మీద ఎవరో నిట్టూర్చారు: "అమ్మయ్య, తాత నిద్రపోయినాడు. ఇంగ సినిమా వినొచ్చు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పొరపాటున నాలుగోసారి పిసికాను. కాలు వెనక్కి పోలేదు.

సినిమా మధ్యలో ఆపి వార్తలు వేసేవాళ్ళు ఆ రోజుల్లో. వార్తలప్పుడు గదిలో సగం మంది లేచి ఒళ్ళు విరుచుకుంటారు, పిల్లలు దొడ్లోకి పరుగెత్తుతారు. నేను తలెత్తి తాత వైపు చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. టీవీ వెలుతురు ఆయన ముఖం మీద నీలంగా పడుతోంది. ఆ రెండు కళ్ళల్లోనూ వార్తలు చదివే ఆమె, ఆవగింజంత, తల ఊపుతూ చదువుతోంది. నేను ఆయన రెప్ప వేస్తాడేమోనని చూశాను. వార్తలన్నీ అయిపోయేదాకా చూశాను. వెయ్యలేదు. ఆ వయసులో కూడా అదేమిటో నాకు తెలియకపోలేదు. తెలియనట్టుగా మళ్ళీ తెర వైపు తిరిగాను. ఎందుకంటే రైల్లో వెళ్ళినవాడు ఎక్కడికి వెళ్ళాడో ఇంకా చూపించలేదు.

వార్తల తర్వాత నాగమ్మవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చింది. కుర్చీ పక్కన కాసేపు నిలబడింది. తాత పైగుడ్డ సర్ది, ముఖం తుడిచినట్టుగా చేయి ఆడించి, నీళ్ళు ఇవ్వకుండానే వెనక్కి తీసుకుపోయింది. నా చేతుల్లో పాదాలు అప్పటికే చల్లబడ్డాయి. ఎండాకాలం సాయంత్రం, గదినిండా జనం, ఆ రెండు పాదాలు మాత్రం కుండ అడుగులా చల్లగా ఉన్నాయి. నేను మూడు పిసికి, ఆగి, మళ్ళీ మూడు పిసుకుతూ సినిమా చివరిదాకా చూశాను.

సినిమా అయ్యాక కృష్ణప్ప మామ వచ్చి, "నాయనా, లెయ్. సంగటి తిందువు" అని భుజం తట్టాడు. తల పక్కకు ఒరిగింది. అప్పటికి కళ్ళు మూసి ఉన్నాయి. ఎవరు మూశారన్నది ఆ క్షణంలో నాకు తప్ప ఎవరికీ అక్కరలేని ప్రశ్న. తర్వాత జరిగిన గోల చెప్పేదేముంది? ఒకటి మాత్రం చెప్పాలి. శవం ఉన్న గదిలో కూర్చున్నందుకు అరవైమందికీ మైల. ఆ రాత్రి మా వీధిలో అరవైమంది తలస్నానం చేశారు. ఏ ఇంటి దొడ్లో చూసినా నీళ్ళ చప్పుడే. మా అమ్మ నా తల మీద చెంబు తర్వాత చెంబు కుమ్మరిస్తూ, "ఆ చేతులు కడుక్కోరా, బాగా కడుక్కో" అని ఏడుస్తూ అంటూనే ఉంది. చేతులకు ఆముదం వాసన పోలేదు.

మర్నాడు పొద్దున పురోహితుడు అయ్యవారు వచ్చాడు. మా పక్క ఒక ఆచారం ఉంది. కొన్ని నక్షత్రాలలో ఎవరైనా పోతే ఆ ఇల్లు పాడు పెట్టాలి. అంటే పొయ్యి ఆర్పి, తలుపుకు అడ్డంగా ముళ్ళకంప కొట్టి, ఇంటిల్లిపాదీ వేరే చోటికి పోయి ఉండాలి. అలా పెట్టకపోతే పోయినవాళ్ళు తోడుకోసం ఇంట్లో ఇంకొకరిని పిలుచుకుంటారని భయం. అయ్యవారు అరుగు మీద పంచాంగం విప్పి, వేలు పెట్టి, చాలాసేపు గొణిగి తలెత్తాడు.

"నిన్న సాయంత్రం రేవతి. సరిగ్గా మీరు టీవీలో వార్తలు చూస్తాండే టయానికి రేవతి పోయి అశ్విని వచ్చింది. అశ్వినిలో పోయింటే ఏ దోషమూ లేదు. రేవతిలో పోయింటే మాత్రం మూడు నెల్లు ఇల్లు పాడు పెట్టాల్సిందే. ఇంగ మీరే చెప్పాల. పెద్దాయన వార్తలకు ముందు పోయినాడా, తర్వాత పోయినాడా?"

అరవైమంది సాక్షులు ఉన్న చావు అది. చూసినవాడు ఒక్కడూ లేడు. ఒకావిడ, వార్తల ముందు దగ్గు వినపడిందంది. దగ్గింది నేను అన్నాడు ఇంకొకాయన. వార్తలప్పుడు తాత తల ఊపినాడని ఒకరు, ఊపింది టీవీలో ఆమె అని ఇంకొకరు. శవం నడవలో ఉంది, దాని పక్కన నాగమ్మవ్వ గోడకానుకుని కూర్చుని ఉంది, అరుగు మీద సినిమా కథ మొదటినుంచీ నడుస్తోంది. రైలు ఎప్పుడొచ్చింది, దొంగ ఎప్పుడొచ్చాడు, తాత ఎప్పుడు పోయాడు. చివరికి కృష్ణప్ప మామ నావైపు తిరిగాడు.

"ఒరే శీనా, కాళ్ళ కాడ ఉన్నింది నువ్వే కదప్పా. నీకు తెలిసుంటాది. చెప్పు నాయనా, భయపడాకు."

అందరి తలలూ నావైపు తిరిగాయి. అంతమంది ఒక్కసారిగా నన్ను చూడడం అదే మొదలు. టీవీకి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఇల్లు పాడు పెడితే కృష్ణప్ప మామవాళ్ళు కలికిరి దగ్గర తోటింటికి వెళ్ళిపోతారు. టీవీ ఈ ఇంట్లో చీకట్లో ఉండిపోతుంది. మూడు నెలలంటే పదమూడు సినిమాలు. ఆ లెక్క నా నోరు తెరిపించింది.

"వార్తలైనాక ఒక పాట వచ్చింది కద మామా, ఆ పాటకి తాత కాలివేలితో తాళమేసినాడు."

గుంపులో ఒక్కసారిగా ఏడుపు లేచింది. "పాట వింటా వింటా పోయినాడమ్మా, పుణ్యాత్ముడు!" అని ఎవరో అన్నారు. కృష్ణప్ప మామ నన్ను దగ్గరికి తీసుకుని నెత్తి మీద ముద్దు పెట్టుకున్నాడు. అయ్యవారు పంచాంగం మూశాడు. నాగమ్మవ్వ మాత్రం ఏడవలేదు. గోడకానుకుని నన్నే చూసింది, ఎప్పుడూ చూడని బొమ్మ చూస్తున్నట్టు.

కర్మలన్నీ అయ్యాక టీవీ మళ్ళీ మొదలైంది. నా చోటు నాకు ఉండింది, కింద ఒక చాప కూడా వేశారు. ఎవరూ కూర్చోరు గనక అది మునుపటికంటే గట్టిగా నాదే అయింది. వాలుకుర్చీ తీసేయలేదు. దాని గుడ్డ ఇంకా ఆయన బరువుకు కిందికి వంగినట్టే ఉండేది. అరవైమంది ఒకరి మీద ఒకరు పడి కూర్చున్నా ఆ కుర్చీ చుట్టూ జానెడు చోటు ఎవరూ చెప్పకుండానే మిగిలేది. సినిమాలో ఆయన తెలుగు చెప్పే చోట్లు వస్తే గది మొత్తం మాటలాపి ఊరుకునేది. ఎవరూ అనుకుని ఊరుకోలేదు. అలవాటు. ఎవరో చెబుతుంటే విన్నట్టు ఒక నాలుగు ఊపిర్లసేపు ఆగి, తర్వాత మళ్ళీ కదిలేవారు. మీట తిప్పాక బొమ్మంతా నడుమకు ముడుచుకుని ఒక తెల్లటి చుక్కయి నిలిచేది. చుక్క ఆరేదాకా నల్లటి అద్దంలో మేమందరం లేచి నిలబడడం కనబడేది. నేను ఆ అద్దంలో కుర్చీ ఉన్న మూలకు చూడకూడదని ప్రతివారమూ అనుకునేవాణ్ణి. ప్రతివారమూ చూసేవాణ్ణి.

మిగతావాళ్ళకు భయం లేదు. వాళ్ళకు తెలిసినంతవరకు తాత అశ్వినిలో పోయాడు. ఆ ఇంటికి ముళ్ళకంప పడవలసిందని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందువల్ల తాత తోడుకోసం ఎవరిని పిలుస్తాడన్న బెంగ కూడా నా ఒక్కడిదే. పిలిస్తే అవ్వనే కదా పిలుస్తాడు. అవ్వ ఆ వేసవిలో చిక్కిపోయింది. తెల్లారి లేచేసరికి గోడవతల ఆమె దగ్గు వినపడేది. వినపడితే భయం, వినపడకపోతే ఇంకా భయం. "అవ్వకి ఒంట్లో బాగలేదంట, రొంత గంజి ఇచ్చి రాపో" అని మా అమ్మ పంపితే, గంజి చెంబు పట్టుకుని గడప దగ్గరే నిలబడేవాణ్ణి. అవ్వ లోపలినుంచి, "ఏమప్పా, ఆడనే నిలబడినావు?" అనేది. పదమూడు సినిమాలకు ఆశపడి ఒక మనిషిని ఇచ్చేశానేమో అనుకుంటూ గంజి చెంబు గడప మీదే పెట్టి పరుగెత్తేవాణ్ణి.

ఒక ఆదివారం సాయంత్రం, ఇంకా పొద్దు పూర్తిగా గుంకకముందే, సినిమా మధ్యలో కరెంటు పోయింది. కిటికీలు జనంతో మూసుకుపోయి ఉన్నాయి గనక గది నల్లబడింది. "ఎవరూ లెయ్యొద్దండి, వస్తాది, వస్తాది" అని కృష్ణప్ప మామ అరుస్తున్నాడు. నేను కాళ్ళు చాపుకుని ఉన్నాను. అప్పుడు ఎవరో నా పాదం పట్టుకున్నారు. చల్లటి చేయి. మూడు పిసుకులు, ఒక ఆపు, మళ్ళీ మూడు. మెత్తగా, మర్యాదగా, బాకీ తీరుస్తున్నట్టు. వంటింటి గడపలో నాగమ్మవ్వ దీపం ముట్టించి పైకెత్తింది. ఆ వెలుతురు నేల మీదుగా నా దాకా వచ్చింది. నా కాళ్ళ దగ్గర ఎవరూ లేరు. నా కింద చాప తడిసి ఉంది.

మర్నాడు మధ్యాహ్నం అవ్వ అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"అవ్వా, నేను అబద్ధం చెప్పినా. తాత పాటప్పుడు పోలేదు. రైలప్పుడే పోయినాడు. వార్తలకు ముందే. మీరు ఇల్లు పాడు పెట్టండి అవ్వా. లేకుంటే నువ్వు..."

అవ్వ చేతిలోని కాయ చిట్లించి, గింజలు నా చేతిలో పోసింది.

"నాకు తెలుసులేప్పా."

"తెలుసా?"

"నీళ్ళు తెచ్చినా కదా ఆపొద్దు. వచ్చి చూస్తే ఆయప్ప లేడు. కండ్లు తెరుచుకోనే ఉండాడు. నేనే మూసినా."

"మరి యాల చెప్పలే అవ్వా?"

"అందురూ సినిమా చూస్తాండారు కదప్పా. నడమల ఆపితే ఆయప్పకి కోపం, నీకు తెల్దా? పోయినోడు యాడికి పోతాడు, అయిపోనీలే అనుకుంటి." ఇంకో కాయ చిట్లించింది. "మర్నాడు నువ్వు పాట అంటివి. నేనూ నోరు మూసుకుంటి."

"ఇల్లు పాడు పెట్టాల కదా మరి?"

అవ్వ నావైపు వింతగా చూసింది. "పాడు పెడితే మనమందరం పోతాం. తలుపుకు కంప కొడతారు. మూడు నెల్లు ఆయప్ప ఒక్కడే ఉండాల కదరా ఈ ఇంట్లో, చీకట్లో. పిలిస్తే పిలవనీ. పిలిస్తే పలకను ఒకరుండాల కదా."

నేను గింజలు తింటూ కాసేపు కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత కడుపులోకి ఏదో రుచిగా దిగింది. లేచేముందు అడిగాను: "నిన్న కరెంటు పోయినప్పుడు నా కాళ్ళు పిసికింది నువ్వేనా?"

"నేను దీపం ముట్టిస్తాంటి కదా" అంది అవ్వ, ఆశ్చర్యపోకుండా.

అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. నా పెళ్ళిలో అక్షింతలు వేసింది. ఆ ఇంట్లో ఆ తర్వాత జరిగిన చావులన్నీ ముసలితనంతో, వరసలో నిలబడి వచ్చినవే. కాళ్ళు పిసికింది మోహనే అని నేను తీర్మానించుకున్నాను. అలాంటి వెధవ పని చేయగలవాడు మా వీధిలో ఇంకెవరూ లేరు. పైగా తడిసిన చాప గురించి వారం తిరిగేసరికి బడి అంతా చాటింది వాడే. చాటడం నలభై ఏళ్ళుగా ఆపలేదు కూడా. ఏ పెళ్ళిలో ఎదురుపడినా, "ఈయప్ప ఎవరనుకున్నారు? మా తాత శవానికి కాళ్ళు పిసికినోడు" అని నన్ను పరిచయం చేస్తాడు. ఉద్యోగంలో నాకు నాలుగు ప్రమోషన్లు వచ్చాయి, పుంగనూరులో ఒక్కటీ చెల్లలేదు.

పోయిన నెల కూడా అదే జరిగింది. హాల్లో మోహన, వాడి కొడుకు, కోడలు, మదనపల్లె నుంచి వచ్చిన వియ్యంకుడు ఉన్నారు. గోడంత టీవీలో ఎవరో వంట చేస్తున్నారు. చూసేవాళ్ళు లేరు. నలుగురి చేతుల్లో నాలుగు ఫోన్లు, నాలుగు వేరువేరు నవ్వులు. ఒకడు నవ్వితే పక్కవాడు ఎందుకని అడగడం లేదు. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందంటే వంటావిడ గోళ్ళకింద పిండి కూడా కనబడుతోంది, ఎవరి పక్కనా పలచటివాడు లేడు. ఆనాటి పడమటి గాలిని తలుచుకున్నాను. ఇప్పుడు ఎవరైనా పోతే ఏ నిమిషానికి పోయారో యంత్రం చీటీ రాసిస్తుంది, రేవతో అశ్వినో తేల్చడానికి ఏ పిల్లవాడినీ నిలబెట్టి అడగనక్కరలేదు. కానీ పక్కన అరవైమంది ఉండరు. తప్పుడు తెలుగైనా చెప్పి కథ వినిపించేవాడు ఉండడు. ఎవరి సినిమా వాళ్ళు చూసుకుంటుంటే ఎవరి పాదం ఎప్పుడు చల్లబడిందో ఎవరి చేతికి తెలుస్తుంది?

ఇలా అనుకుంటూ ఉండగా మోహన కథ మొదలుపెట్టాడు. కాళ్ళు, సినిమా, స్నానాలు, అయ్యవారి పంచాంగం, నేను చెప్పిన పాట, తడిసిన చాప, వరస తప్పకుండా. వియ్యంకుడు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. కోడలు ఫోను పక్కన పెట్టి మరీ నవ్వింది. నాకు రోషం వచ్చింది.

"నవ్వింది చాల్లే మోహనా. కరెంటు పోతే చీకట్లో నా కాళ్ళు పిసికింది నువ్వు కాదా? అది కూడా చెప్పు వీళ్ళకి."

"నేనా?" అన్నాడు వాడు. "ఆ వారం నేను ఊర్లోనే లేను కదరా. గవదబిళ్ళలు వచ్చి దవడలు ఉబ్బిపోతే మాయమ్మ కుప్పంలో మా అమ్మమ్మ ఇంట్లో వదిలిపెట్టింది. చాప సంగతి తిరిగొచ్చినాక విన్నా."

"ఒట్టు?"

"నీ మింద ఒట్టు. ఎవరురా పిసికింది?"

వాడు మళ్ళీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ఆదివారం మీట దగ్గర ఎవరున్నారో గుర్తు తెచ్చుకోకుండానే నలభై ఏళ్ళుగా వాడి చేయి అనుకుని నిశ్చింతగా ఉన్నాను. వాడి పుణ్యమా అని ఆ చేయి మళ్ళీ ఎవరిదీ కాకుండా పోయింది. సోఫాలో కూర్చున్నవాణ్ణి, ఒక్కసారిగా నా చుట్టూ జానెడు చోటు ఖాళీ అయినట్టనిపించింది. ఇంత పెద్ద చలిని ఒక్కణ్ణే మదనపల్లెకు మోసుకుపోవడం నా వల్ల కాదు. పంచుకోవాలి.

"అది సరే గాని మోహనా, నీకు ఇంకొకటి చెప్పాల. మీ తాత పాటప్పుడు తాళమేయలేదురా. అది నేను అల్లిన మాట. ఆయన కాలు ఆగింది రైలు సీనులో. వార్తలకు శానా ముందు."

మోహనకు వెంటనే అర్థం కాలేదు. పొద్దున్నే పంచాంగం చూడనిదే కాఫీ ముట్టని వియ్యంకుడికి మాత్రం, ఆ సంగతంతా ఇందాకే విన్నాడు గనక, అర్థమైంది. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"అయితే రేవతే కదప్పా. ఇల్లు పాడు పెట్టినారా?"

"లేదు బావా" అన్నాడు మోహన. వాడి కళ్ళు హాలంతా ఒకసారి తిరిగి, నేను కూర్చున్న సోఫా దగ్గర ఆగాయి. "అంటే... ఇన్నేండ్లు తాత ఈడనే... మా అవ్వకి తెలుసా ఇది?"

టీవీలో వంటావిడ ఏదో రుచి చూసి బాగుందని తల ఊపింది. అవ్వ అరుగు మీద కూర్చుని నాతో చెప్పిన మాట ఇక్కడ చెబితే వాడికి ఆ క్షణమే ధైర్యం వచ్చేది. వాడి తాత మీద వాడికి భయం పోయి జాలి పుట్టేది. ఆ రాత్రే కాదు, ఇంకెన్ని రాత్రులైనా ఆ హాల్లో నిశ్చింతగా నిద్రపోయేవాడు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఏమో రా, నాకేం తెలుసు" అన్నాను. కోడలు ఇచ్చిన కాఫీ చివరి బొట్టుదాకా తాగి, మదనపల్లె బస్సెక్కాను.